ఊరేగింపు ముగిసిన తరువాత: కర్నూలు, కడప సీమలో న్యాయపోరాటాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కర్నూలు, కడప ప్రాంతాల సంఘాలలో సామాజిక న్యాయమును గూర్చి మాట్లాడుట ఇప్పుడు వింత కాదు. ఒక తరము క్రితము ప్రసంగ పీఠము మీద నుండి భూమి, కూలి, కులము అన్న మాటలు వినబడితే పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనేవారు. నేడు యువజన సదస్సులలోను, స్త్రీల మైత్రి కూటాలలోను ఆ మాటలు ధారాళముగా వినబడుతున్నాయి. ఏటా ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు ధరించి కలెక్టరు కార్యాలయము వరకు నడిచే కాపరులు ఉన్నారు. ఇందు నిమిత్తము దేవుని స్తుతిస్తున్నాము.

అయితే ఈ వ్యాసములో మేము అడుగదలచిన ప్రశ్న వేరు. ఊరేగింపు జరుగుతుంది, వినతిపత్రము ఇస్తారు, ఫొటో తీస్తారు, మరునాడు దినపత్రిక జిల్లా పేజీలో నాలుగు వరుసలు వస్తాయి. ఆ తరువాత ఏమి మారింది? ఆ వినతిపత్రము ఎవరి బల్ల మీదకు వెళ్లింది? దానికి జవాబు వచ్చిందా అని మూడు నెలల తరువాత అడిగినవారు ఎవరు? మనలో చాలామందికి ఈ ప్రశ్నలకు జవాబు లేదు. న్యాయము కొరకు నిలబడ్డామన్న తృప్తి మిగిలింది గాని, ఎవరి కొరకు నిలబడ్డామో వారి స్థితి ఏమైనదో మనము లెక్క చూడలేదు.

మా వాదము ఇది. ఏ న్యాయపోరాటమునైనా మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. మొదటిది, మనము అడిగేదానికి 'సరే' అనగల అధికారము ఎవరి చేతిలో ఉన్నది? రెండవది, ఏది చేతికి వస్తే వచ్చినట్లు అనుకుంటాము? మూడవది, ఆజ్ఞ వచ్చిన మరుసటి దినము నుండి దానిని కాపాడుటకు ఎవరు ఊరిలో మిగులుతారు? ఈ సీమలో గెలిచిన పోరాటాలను, ఓడిన పోరాటాలను ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించి, ఆ పిమ్మట సంఘము సొంతముగా నడిపే పోరాటమును కూడా అదే కొలతతో చూడాలని మా ప్రయత్నము.

1. వాక్యములో ఒక కొలత: సెలోపెహాదు కుమార్తెలు

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రను చూస్తాము. తండ్రి అరణ్యములో మరణించాడు. కుమారులు లేరు. నాటి వాడుక ప్రకారము ఆ ఇంటికి స్వాస్థ్యము పోవలసినదే. ఈ స్త్రీలు గుడారములో కూర్చుండి ఏడ్వలేదు. ప్రత్యక్షపు గుడారము ద్వారమునకు వచ్చి మోషే యెదుట, యాజకుడైన ఎలియాజరు యెదుట, ప్రధానుల యెదుట, సర్వసమాజము యెదుట నిలిచారు. తీర్పు చెప్పగలవారందరు ఒక్కచోట ఉన్న స్థలము అది. వారు అడిగినది ఒక్కటే: తండ్రి సహోదరులతో పాటు తమకు భూమిలో పాలు. ఎదుటివారు తీసికొనిరాగల అభ్యంతరమును కూడా వారు ముందే తీసివేశారు. తమ తండ్రి కోరహు సమూహములో చేరినవాడు కాడని మొదటనే చెప్పారు.

కథ అక్కడ ముగియదు. 36వ అధ్యాయములో అదే గోత్రపు పెద్దలు ఎదురు అర్జీతో వచ్చారు. ఈ స్త్రీలు వేరు గోత్రస్థులను వివాహమాడితే భూమి చేయి జారుతుందని వారి భయము. ఫలితముగా ఒక షరతు వచ్చి చేరింది. ఆ షరతు స్త్రీల స్వేచ్ఛను తగ్గించిందని స్త్రీవాద వ్యాఖ్యాతలు చెప్పే మాటలో న్యాయమున్నది. అయినను భూమి హక్కు నిలిచింది. మనము తరచుగా చదువక దాటిపోయే భాగము యెహోషువ గ్రంథము 17వ అధ్యాయములో ఉన్నది. మోషే చనిపోయాడు, నాయకుడు మారాడు, భూమి పంచుతున్నారు. ఆ స్త్రీలు మరల వచ్చి, ఎలియాజరు యెదుట, యెహోషువ యెదుట నిలిచి, పాత ఆజ్ఞను జ్ఞాపకము చేసి, తమ పాలు తీసికొన్నారు. వారు మరల రాకపోయి ఉంటే ఆ ఆజ్ఞ గ్రంథములోనే ఉండిపోయేది. తగిన స్థలము, స్పష్టమైన కోరిక, మరల వచ్చి అడుగుట: ఈ మూడును మన మూడు ప్రశ్నలకు మూలము.

2. సారా వ్యతిరేక పోరాటము: పట్టు ఎక్కడున్నదో తెలిసినప్పుడు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేక ఉద్యమము కొద్ది నెలలలోనే చిత్తూరు, కర్నూలు, కడప జిల్లాలకు పాకింది. అక్షరాస్యతా కార్యక్రమపు పాఠాలు, అందులో ముఖ్యముగా 'సీతమ్మ కథ', స్త్రీలను కదిలించాయని అందరికి తెలిసినదే. సంఘము ఈ ఉద్యమమునుండి నేర్చుకొనవలసినది మరొకటి ఉన్నది.

మన సంఘాలు అంతకు ముందు దశాబ్దాలుగా త్రాగుడుకు వ్యతిరేకముగా ప్రసంగించాయి. త్రాగేవానిని పాపిగా చూచి, వాని మారుమనస్సు కొరకు ప్రార్థించాయి. అది అవసరమే. కాని దూబగుంట స్త్రీలు త్రాగేవానిని దాటి, అమ్మేవానిని చూశారు. అమ్మేవానిని దాటి, అమ్మే హక్కును వేలములో పాడుకొనే కాంట్రాక్టరును చూశారు. అతనిని దాటి, వేలము పెట్టే ప్రభుత్వమును చూశారు. ఊరిలోనికి సారా రాకుండా అడ్డుకొన్నారు, దుకాణాలు మూయించారు, చివరకు జిల్లా కేంద్రములో వేలమునే అడ్డుకొన్నారు. నెల్లూరులో ఆ వేలము పలుమార్లు వాయిదా పడింది. ఎక్కడ పట్టుకొంటే కదులుతుందో అక్కడ పట్టుకొన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది. మొదటి రెండు ప్రశ్నలకు ఇంత స్పష్టముగా జవాబిచ్చిన ఉద్యమము మన రాష్ట్రములో అరుదు.

మూడవ ప్రశ్న దగ్గర అది తడబడింది. 1997లో సంపూర్ణ నిషేధము ఎత్తివేయబడింది. ఖజానాకు పోయిన రాబడిని ప్రభుత్వము కారణముగా చూపింది. దొంగసారా, పొరుగు రాష్ట్రాలనుండి రవాణా కూడా ఆ వాదనకు బలమిచ్చాయి. చట్టములో సారా నిషేధము నిలిచినను, తరువాతి కాలములో గ్రామాలలో బెల్టు షాపులు వెలిశాయి. 1992లో వీధిలో నిలిచిన స్త్రీలు 1997 నాటికి చాలాచోట్ల సంఘటితముగా లేరు. రాబడికి బదులు ఏమిటన్న ప్రశ్నకు ఉద్యమము వద్ద సిద్ధమైన జవాబు లేదు. గెలిచినదానిని కాయుటకు కాపలా లేకపోయింది. ప్రతి వారము కూడుకొనే స్త్రీల మైత్రి ప్రతి గ్రామములోను ఉండగా, సంఘము ఆ కాపలాదారు పని ఎందుకు చేపట్టలేదన్నది మనము మనలను అడుగుకొనవలసిన ప్రశ్న.

3. సీమ నీళ్లు: నినాదము నుండి అడుగుల లెక్కకు

రాయలసీమ వెనుకబాటు గూర్చిన పోరాటము చరిత్ర మనకు మరియొక పాఠము చెప్పుతుంది. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో, కోస్తా, సీమ నాయకులు ఒక ఒడంబడిక చేసికొన్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీటి వాడకములో సీమకు ప్రాధాన్యము, రాజధాని లేక హైకోర్టు అన్నవి అందులోని మాటలు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆ స్థానము పోయింది. ఒడంబడిక చేసినవారు నిజాయితీ గలవారే. అయితే అది అమలు కాకపోతే ఎవరి యెదుట నిలిచి అడగాలో అందులో చెప్పలేదు. అమలుకు బాధ్యుడు లేని వాగ్దానము ఎంత పవిత్రమైనదైనను జ్ఞాపకముగా మారిపోతుంది. నేటికి నవంబరు 16న సభలు జరుగుతాయి.

దీనికి భిన్నమైనది శ్రీశైలము నీటిమట్టము మీద జరిగిన పోరాటము. 1996లో జి.ఓ. 69 ద్వారా శ్రీశైలము జలాశయపు కనీస మట్టమును 854 అడుగులనుండి 834 అడుగులకు తగ్గించారు. మట్టము అంత దిగితే పోతిరెడ్డిపాడు తూముకు నీరు ఎక్కదు. అనగా కె.సి. కాలువకు, తెలుగుగంగకు, శ్రీశైలము కుడి కాలువకు దెబ్బ. ఈ జి.ఓ. తరువాత సీమ రైతు నోట ఒక కొత్త భాష వినబడింది. 'మా సీమకు నీళ్లియ్యండి' అన్న వేడుకోలు '854 అడుగులు' అన్న లెక్కగా మారింది. 2004లో జి.ఓ. 107 ఆ మట్టమును తిరిగి 854కు తెచ్చింది. 2005లో పోతిరెడ్డిపాడు సామర్థ్యమును 44,000 క్యూసెక్కులకు పెంచే నిర్ణయము జరిగింది. రాజకీయ పరిస్థితులు కూడా అనుకూలించాయని ఒప్పుకొనవలసినదే. అయినను కోరికకు ఒక సంఖ్య ఉన్నందున, వచ్చినది వచ్చినదని, రానిది రానిదని చెప్పుట సాధ్యమైనది. 2021లో శ్రీశైలము వద్ద విద్యుత్ ఉత్పత్తి మీద రెండు రాష్ట్రాల మధ్య వివాదము లేచినప్పుడు కూడా, మాట తప్పినది ఎక్కడో ఆ సంఖ్యతోనే చూపగలిగారు.

2016 మే 31న రాయలసీమ సాగునీటి సాధన సమితి పిలుపు మీద వేలాది రైతులు పోలీసు ఆంక్షలను దాటి సిద్ధేశ్వరము చేరి, కృష్ణ మీద అలుగుకు తామే శంకుస్థాపన చేశారు. ఆ దినమున కనబడిన తెగువను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. ఆ చర్య ఒక మరుగున పడిన కోరికను ప్రజల ముందుకు తెచ్చింది. అయితే ఈ కోరికకు 'సరే' అనవలసినవారు కర్నూలు కలెక్టరు కాదు. అది రెండు రాష్ట్రాలు, కృష్ణా నది యాజమాన్య బోర్డు, కేంద్ర జలసంఘము దాటవలసిన విషయము. 2022లో కేంద్రము సోమశిల, సిద్ధేశ్వరము మధ్య జాతీయ రహదారి కొరకు తీగల వంతెన మంజూరు చేసినప్పుడు, వంతెనతో పాటు బ్యారేజీ కట్టండని సమితి అడిగింది. ఎదుటివారు ఎలాగైనా కట్టబోయే కట్టడముతో మన కోరికను జోడించుట తెలివైన పద్ధతి. ఐతే వంతెన రహదారి శాఖది, నీరు జలశక్తి శాఖది. ఈ రెండు శాఖల మధ్య వారధి కట్టే పని ఢిల్లీలో జరగాలి. వార్షికోత్సవ సభకు పెట్టే శ్రమలో ఒక భాగము అక్కడ పెట్టవలసి ఉన్నది.

సంఘము ఇక్కడ మరొక ప్రశ్న కూడా అడగాలి. కాలువలో నీరు పారితే ఆయకట్టు భూమి గలవానికి మేలు. మన సంఘ సభ్యులలో అధికులు భూమి లేని కూలీలు. వారు ధర్నాలో ముందు వరుసన కూర్చుంటారు. 44,000 క్యూసెక్కులలో వారి పాలు ఏమిటి? నీటి పోరాటములో కూలి రేటు, అసైన్డు భూములకు కాలువ, త్రాగునీరు అన్న మాటలు చేర్చమని అడిగే హక్కు వారికున్నది. ఆ మాట వేదిక మీద చెప్పగల గొంతు సంఘమునకు ఉండాలి.

4. శంకుస్థాపన రాళ్లు, తుమ్మలపల్లె చెరువు

రెండవ ప్రశ్నను మరిస్తే ఏమవుతుందో కడప ఉక్కు కర్మాగారము చెప్పుతుంది. జమ్మలమడుగు ప్రాంతములో 2007లో బ్రాహ్మణి ఉక్కుకు శంకుస్థాపన జరిగింది. 2018 డిసెంబరులో కంబాలదిన్నె వద్ద ఒకటి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె వద్ద ఒకటి, 2023 ఫిబ్రవరిలో అదే చోట భూమిపూజ. ప్రభుత్వాలు మారాయి, రాయి మారింది. ఇంతవరకు ఒక్క టన్ను ఉక్కు వెలువడలేదు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టము 13వ షెడ్యూలును శ్రద్ధగా చదివితే, అక్కడ వ్రాసినది కర్మాగారము కట్టాలని కాదు. ఆరు నెలలలో దాని సాధ్యాసాధ్యములను పరిశీలించాలని మాత్రమే. 'పరిశీలించు' అన్న క్రియకు, 'కట్టు' అన్న క్రియకు మధ్య ఒక తరము యువకుల ఉద్యోగాలు పోయాయి. గ్రీకు క్రియల కాలములను గూర్చి తరగతిలో గంటల తరబడి వాదించే మనము, మన ప్రజల బ్రతుకును నిర్ణయించే చట్టములోని క్రియను చదువుట నేర్చుకొనలేదు.

తుమ్మలపల్లె విషయము ఇంకను బాధాకరము. కడప జిల్లా వేముల మండలములో యురేనియము గనికి 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరులో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. ఉద్యోగాలు, నష్టపరిహారము అన్న ఆశ ఒకవైపు, రాజకీయ బలము మరొకవైపు ఉండగా, 'గని వద్దు' అన్నవారి మాట నిలువలేదు. కొన్ని ఏండ్లకు, వ్యర్థాలు నిలువచేసే చెరువు చుట్టుపట్ల కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు తమ బోరు నీరు చెడిపోతున్నదని, అరటి తోటలు ఎండుతున్నవని, చర్మవ్యాధులు వస్తున్నవని ఫిర్యాదు చేశారు. 2018, 2019 నాటికి ఈ ఫిర్యాదులు కాలుష్య నియంత్రణ మండలి నోటీసుల వరకు వచ్చాయి.

ఇక్కడ పోరాటము రూపు మారుటను గమనించాలి. మొదట ప్రశ్న 'గని వద్దు'. రెండవ దశలో ప్రశ్న ఇది: చెరువు అడుగున నీరు ఇంకకుండా పొర వేయాలన్న షరతు మీ అనుమతిలోనే ఉన్నది గదా, వేశారా? మొదటి కోరికకు ఢిల్లీలోని అణుశక్తి శాఖ 'సరే' అనాలి. రెండవ కోరికకు కాలుష్య నియంత్రణ మండలి జవాబు చెప్పక తప్పదు. అది ఎదుటివారు సంతకము చేసిన షరతు. ఓడిన తరువాత కూడా ప్రజలకు పట్టు దొరికే చోటు ఒకటి ఉంటుందనుటకు ఇది సాక్ష్యము. ఆ షరతును మొదటి దినముననే చదివి, చెరువు త్రవ్వుతున్న రోజులలోనే అడిగి ఉంటే ఎన్ని బోర్లు మిగిలేవో అన్న ఆలోచన మనలను కలవరపరచాలి.

గని–శకునాల సౌర విద్యుత్ పార్కు 2017లో 1000 మెగావాట్లతో పూర్తయింది. సౌర పలకల ప్రాజెక్టులకు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ అవసరము లేదు. కనుక అటువంటి చోట సభలో లేచి మాట్లాడుదామని ఎదురుచూచేవానికి ఆ సభయే ఉండదు. అయితే 2013 భూసేకరణ చట్టము భూమి లేకపోయినను, సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూమి మీదనే ప్రధానముగా బ్రతికిన వ్యవసాయ కూలీని కూడా 'బాధిత కుటుంబము'గా లెక్కిస్తుంది. ప్రభుత్వము ఏ చట్టము క్రింద భూమి తీసికొంటున్నదని మొదట అడిగి తెలిసికొంటే గాని ఆ హక్కు వర్తించునో లేదో చెప్పలేము. మన సంఘములో ఆ పొలాలలో కూలి చేసినవారి పేర్లు ఎవరి వద్ద ఉన్నాయి? సంఘ రిజిస్టరు ఉన్న కాపరి వద్ద ఉండాలి.

5. ఆగస్టు 10: మన సొంత పోరాటము

ఇప్పుడు మన ఇంటిలోనికి వద్దాము. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు మాత్రమే పరిమితము చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు, ముస్లిం దళితులు బయట మిగిలారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ హోదాను మతమునుండి వేరుచేయాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రము జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితులకు హోదా ఇవ్వాలని తీర్మానించి కేంద్రమునకు పంపింది. 2025 ఏప్రిల్ 30న మన రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవ్యము స్వీకరించి ఆచరిస్తున్న వ్యక్తి అత్యాచార నిరోధక చట్టపు రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. ఆ కేసులో ఫిర్యాది ఒక పాస్టరు. కనుక ఇది పాఠ్యాంశము మాత్రమే కాదు, మన ప్రజల ఒంటి మీద పడే దెబ్బకు చట్టము అడ్డు నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న.

ఇంత భారమైన విషయములో మన పద్ధతి ఎలా ఉన్నది? మేము చూచిన వినతిపత్రాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఒకే కాగితము మీద షెడ్యూల్డు కుల హోదా, సమాధుల తోటకు స్థలము, మందిరాలకు రక్షణ, పాస్టర్లకు గౌరవవేతనము అన్నీ వరుసగా ఉంటాయి. రాజ్యాంగము 341వ అధికరణము ప్రకారము మొదటిది పార్లమెంటు చేతిలో ఉన్నది. రెండవది సర్వేయరు, తహసీల్దారు, ఆర్డీవో పని. మూడవది పోలీసు అధికారిది. నాలుగవది రాష్ట్ర మంత్రివర్గము పని. కలెక్టరు ఆ కాగితమును తీసికొని నవ్వి 'పైకి పంపుతాము' అంటాడు. అది అబద్ధము కాదు, అంతకన్న చేయగలది ఆ కాగితములో స్పష్టముగా లేదు. పైగా కూలి మనిషి శవమును పూడ్చుటకు కావలసిన స్థలము, కాపరి గౌరవవేతనము ఒకే కాగితము మీద ఉంటే, ప్రభుత్వము సులువుగా ఇవ్వగలది ఏదో దానిని ఇచ్చి మిగతా వాటిని మరిపించగలదు. ఇది కాపరులుగా మనము నిజాయితీగా ఆలోచించవలసిన సంగతి.

రాష్ట్ర స్థాయిలో మనకున్న హక్కులను మనమెంత వాడుకొన్నాము? షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారు ఈ రాష్ట్రములో బి.సి.–సి వర్గములో ఉన్నారు, ఒక శాతము రిజర్వేషను ఉన్నది. 1977 ఆగస్టు 30నాటి జి.ఓ. 341 చట్టబద్ధము కాని రాయితీలను వారికి కూడా వర్తింపజేసింది. ఈ జి.ఓ. పేరు ఎరిగిన కాపరులు ఒక మండలములో ఎందరు? పార్లమెంటు వద్ద పోరాటము సాగుతుండగానే ఈ చిన్న ద్వారాలను తట్టవచ్చును. తట్టాలంటే అవి ఎక్కడున్నవో తెలియాలి.

ఐక్యత మాట కూడా చెప్పక తప్పదు. కర్నూలులో బాప్టిస్టు వారసత్వము, నంద్యాల వైపు ఆంగ్లికన్ వారసత్వము, కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషను వారసత్వము, వాటి ప్రక్కన కతోలిక పీఠాలు, స్వతంత్ర పెంతెకోస్తు సంఘాలు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల వెలుపలే ఉండి 1975లో చేరింది. ఒకే పేటలో మూడు మందిరాలు, మూడు వినతిపత్రాలు. దానిని మించి లోతైన చీలిక మాల, మాదిగ అన్నది. 1998లో కర్నూలు జిల్లా వేంపెంటలో ఆ వైరము హత్యాకాండ వరకు వెళ్లింది. ప్రభువు బల్ల యొద్ద విడివిడిగా కూర్చుండేవారు కలెక్టరు బల్ల యెదుట ఒక్క స్వరముతో మాట్లాడగలరని నమ్ముట కష్టము. వ్యూహము గూర్చిన మాట ఇక్కడ పశ్చాత్తాపము గూర్చిన మాటగా మారుతుంది.

6. ఒక ఆక్షేపణ

ప్రవక్తలు ఫలితము లెక్కించి మాట్లాడారా అని కొందరు సహోదరులు అడుగుతారు. ఆమోసు బేతేలులో వ్యూహము వేసికొని నిలువలేదు. యిర్మీయా మాట వినేవాడు లేకపోయినను చెప్పాడు. నమ్మకత్వము మన వంతు, ఫలము దేవునిది అని వారి వాదము. ఇందులో సత్యమున్నది. ఫలితము కనబడదని తెలిసి కూడా సాక్ష్యము చెప్పవలసిన సమయాలున్నాయి. అన్నిటిని లెక్కతోనే కొలిచే సంఘము బలవంతుల ప్రక్కన చేరే ప్రమాదము కూడా ఉన్నది.

అయితే ప్రవక్త తన సాక్ష్యమునకు తానే వెల చెల్లించాడు. మన ఊరేగింపుకు వెల చెల్లించేది ఎవరు? లారీ ఎక్కి జిల్లా కేంద్రమునకు వచ్చిన కూలి ఆ దినపు కూలిని పోగొట్టుకొంటుంది. ముఠా కక్షలున్న గ్రామములో ఫిర్యాదు మీద వేలిముద్ర వేసినవానిని మరునాడు పొలములోనికి పిలువరు, బావి దగ్గర మాట్లాడరు. కాపరికి బదిలీ ఉన్నది, వానికి లేదు. లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పినప్పుడు, ఆ ఖర్చు కట్టేవానిదే. ఇతరుల ఖర్చుతో మనము సాక్ష్యము చెప్పుతున్నప్పుడు లెక్క చూచుట మరింత అవసరము. అది పొరుగువాని యెడల ప్రేమలో భాగము. లూకా 18లోని విధవరాలు కూడా ఊరంతా తిరుగలేదు. తీర్పు తీర్చగల ఒక్క న్యాయాధిపతి యొద్దకు, ఒకే మనవితో, మాటిమాటికి వెళ్లింది.

7. కొన్ని సూచనలు

మొదటిది, ఏ సంఘమైనను, ఏ పాస్టర్ల సహవాసమైనను వినతిపత్రము వ్రాయక ముందు ఒక్క పుట వ్రాసికోవాలి: ఏమి అడుగుతున్నాము, ఇవ్వగలవారు ఎవరు, ఏ చట్టము లేక జి.ఓ. ఆధారము, ఎన్ని దినాలలో, జవాబు రాకపోతే ఏమి చేస్తాము, మనలో ఎవరు వెంటబడతారు. ఒక కాగితము మీద ఒకే కోరిక ఉండాలి. సోమవారపు అర్జీల కార్యక్రమము పేరు ప్రభుత్వమునుబట్టి మారుతుంది గాని రసీదు సంఖ్య ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆ సంఖ్యను సంఘ మినిట్సు పుస్తకములో వ్రాయాలి. ముప్పది దినాలకు జవాబు లేకపోతే 2005 సమాచార హక్కు చట్టము క్రింద ఆ అర్జీ ఏమైనదని అడగాలి.

రెండవది, వాస్తవ సేకరణ నేర్చుకోవాలి. 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక, 2009లో మరణించువరకు అందులో పనిచేసిన కె. బాలగోపాల్ మన సీమలో చూపిన పద్ధతి మనకు మాదిరి. సంఘటన జరిగిన ఊరికి వెళ్లి, ఇరుపక్షాల మాట విని, పేర్లు, తేదీలు, సర్వే నంబర్లు వ్రాసికొని, ఆ తరువాతనే మాట్లాడుట. వారి భావజాలముతో మనము ఏకీభవించనవసరము లేదు. వారి శ్రద్ధ మనకు సిగ్గు కలిగించాలి.

మూడవది, సంఘ రిజిస్టరుకు కొత్త గడులు చేర్చాలి. బాప్తిస్మము, వివాహము, మరణము వ్రాసే చేతితోనే, సభ్యుని అసైన్డు పట్టా ఉన్నదా, అది 1–బి లోను అడంగల్ లోను ఎక్కినదా, సమాధుల తోట సర్వే నంబరు ఏది అని వ్రాయవచ్చును. 2006లో కోనేరు రంగారావు కమిటీ నివేదిక దళితుల భూముల గూర్చి వివరముగా చెప్పింది. 1977 అసైన్డు భూముల చట్టమును 2023లో సవరించి, ఇరువది ఏండ్లు దాటిన అసైనీలకు అమ్ముకొనే హక్కు ఇచ్చారు. అప్పులలో ఉన్న కుటుంబమునకు ఈ హక్కు వరముగాను, ఉరిగాను మారవచ్చును. ఆ వివరము కాపరికి తెలిసి ఉండాలి. అయితే కుల, మత వివరాలు ఉన్న ఏ పుస్తకమైనను బయటివారి చేతిలో పడితే సభ్యులకు హాని. 2025 తీర్పు తరువాత ఇది మరింత నిజము. అందుచేత ఎవరి అనుమతి లేకుండ ఎవరి వివరము వ్రాయరాదు, ఎవరికి చూపరాదు.

నాల్గవది, సెమినరీలు. బి.డి. విద్యార్థి నాలుగేండ్లలో విమోచన వేదాంతము, దళిత వేదాంతము చదువుతాడు. ఒక జి.ఓ. చదువుట, ఒక అర్జీ వ్రాయుట, ఒక గ్రామ సభలో లేచి తీర్మానము చేయించుట నేర్పే తరగతి లేదు. క్షేత్ర పరిచర్యలో ఒక్క సెమిస్టరు, ఒక్క గ్రామము, ఒక్క సమస్య తీసికొని చివరివరకు వెంబడించమని నియమించితే, ఆ విద్యార్థి గెలిచినను ఓడినను కాపరిగా ఎక్కువ పనికి వస్తాడు.

ముగింపు

ఊరేగింపులు మానాలని మేము అనడము లేదు. ఆగస్టు 10న నడవవలసినదే. ఆ నడకలో ప్రజలకు ధైర్యము కలుగుతుంది, తాము ఒంటరులము కామని తెలుస్తుంది. ఆగస్టు 11న చేయవలసిన పని ముందుగానే వ్రాసి ఉంచుకొన్నామా అన్నదే మా విమర్శ. సారా పోరాటములో స్త్రీలకు పట్టు దొరికింది, కాపలా దొరకలేదు. శ్రీబాగ్‌లో వాగ్దానము దొరికింది, బాధ్యుడు దొరకలేదు. తుమ్మలపల్లెలో షరతు దొరికింది, చాలా ఆలస్యముగా దొరికింది.

ఈ సీమలో ప్రతి ఆదివారము దళితవాడలో మనుష్యులను ఒకచోట చేర్చి, వారి పేర్లు ఎరిగి, వారి మధ్య కాపురముండే వ్యవస్థ సంఘము గాక మరి అరుదు. రాజకీయ పక్షము ఎన్నికల తరువాత వెళ్లిపోతుంది. స్వచ్ఛంద సంస్థ నిధులు ముగిస్తే వెళ్లిపోతుంది. సంఘము మిగులుతుంది. సెలోపెహాదు కుమార్తెలు యెహోషువ యొద్దకు మరల వచ్చినట్లు మరల వచ్చి అడుగగలిగేది మిగిలి ఉన్నవారే. వచ్చే ఆగస్టు లోపల మన మన మండలాలలో ఒక్క సమాధుల తోట సర్వే నంబరు, ఒక్క పట్టా, ఒక్క విద్యార్థి వేతనము చివరివరకు వెంబడించి, దాని ఫలితమును గెలుపైనను ఓటమియైనను ఈ పత్రికకే వ్రాసి పంపమని తోటి కాపరులను, విద్యార్థులను వేడుకొంటున్నాము.